ముఖం లేని గోల్‌కీపర్

ఆ హాలు తలుచుకుంటే నాకు ముందు వాసనే గుర్తొస్తుంది. పులిసిన బీరు, సిగరెట్ పొగ, ఉడికిన క్యాబేజీ, తడి కోట్లు. డెట్రాయిట్ పక్కన పోలండ్ వాళ్ళు తరాలుగా కాపురముంటున్న పాత పేటలో అదొక సంఘం హాలు. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు చర్చి ఆరాధన అక్కడే జరిగేది. అద్దె తక్కువ, పార్కింగ్ ఎక్కువ, మా పెద్దలకు అంతకంటే ఏం కావాలి? నోవై నుంచీ ఫార్మింగ్టన్ హిల్స్ నుంచీ అందరం అంత దూరం డ్రైవ్ చేసుకుని వెళ్ళేవాళ్ళం. కుర్చీలు సర్దే పని నాకు అంటగట్టారు కాబట్టి, అందరికంటే ముందు వెళ్ళి ఆ వాసన పీల్చే భాగ్యం నాదే. మా చికెన్ కూర వాసన మర్నాటికి కూడా పోవడం లేదని హాలు వాళ్ళు ఫిర్యాదు చేశారని తెలిసినప్పుడు మా ఆడవాళ్ళు నొచ్చుకున్నారు. నాకు మాత్రం కాస్త తృప్తిగా అనిపించింది.

మాకంటే ముందు, పొద్దుటిపూట, ఆ హాలు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు అభిమానులది. క్లబ్బంటే పెద్దదేమీ కాదు. పోలండ్ దక్షిణాన ఒక నది ఒడ్డున ఉన్న చిన్న ఊరి క్లబ్బు, రైల్వే పనివాళ్ళు పెట్టుకున్నది. ఎప్పుడో ఒకసారి రెండో డివిజన్ దాకా ఎగబాకి, మళ్ళీ జారి, నేను వాళ్ళను ఎరిగేనాటికి నాలుగో మెట్టు లీగ్‌లో పడి ఉంది. ఆ లీగ్ మ్యాచ్‌లు ఏ టీవీలోనూ రావు. అందుకని వాళ్ళొక పద్ధతి పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకడి మేనల్లుడు ఆ ఊళ్ళో గ్రౌండ్ గట్టు మీద నిలబడి, సెల్‌ఫోన్లో మ్యాచ్ మొత్తం చెప్పేవాడు. ఇక్కడ ఆ ఫోన్‌ను స్పీకర్‌కు తగిలించి, దాని చుట్టూ మగవాళ్ళు కూర్చునేవారు. రూఫింగ్ పనివాళ్ళు, ట్రక్ డ్రైవర్లు, కార్ల ఫ్యాక్టరీలో రిటైరైనవాళ్ళు, అందరి మెడల్లోనూ క్లబ్బు రంగుల మఫ్లర్లు. అక్కడ గాలి వీస్తే ఇక్కడ స్పీకర్ బుసకొట్టేది. లైన్ కట్టయితే గోల్ పడిందో లేదో తెలియక ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవారు.

మొదట్లో నాకది ముచ్చటగానే ఉండేది. అబద్ధమెందుకు, కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ చివరి నిమిషాలు నేనూ వినేదాన్ని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

హాల్లోకి వెళ్ళే ముందు ఒక ఇరుకు వసారా ఉంది, కోట్లు తగిలించే చోటు. అక్కడ బెంచీ మీద ప్రతి ఆదివారం ఒక పెద్దాయన కూర్చుని ఉండేవాడు. పొడుగాటి మనిషి, పెద్ద పెద్ద చేతులు. హాలు తలుపు సందులోంచి వచ్చే స్పీకర్ గొంతును తల వంచి వినేవాడు. లోపల అందరూ అరిస్తే ఆయన మోకాలి మీద మెల్లిగా చరుచుకునేవాడు. ఎవరో కాపలా మనిషి అనుకున్నాను. ఒక చలికాలం, బయటి తలుపు తీసినప్పుడల్లా మంచు వచ్చి ఆయన బూట్ల మీద పడుతుంటే, ఊరుకోలేక అడిగాను.

మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఆయనది విరిగిన ఇంగ్లీషు, నాది గుంటూరు ఇంగ్లీషు.

"లోపల హీటర్ ఉంది కదండీ, ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"నేను లోపలికి రాకూడదమ్మా. మ్యాచ్ అయ్యేదాకా రాకూడదు."

"ఎవరన్నారు?"

ఆయన లేచి, తలుపు కాస్త తోసి, ఎదురు గోడ మీది ఫొటో చూపించాడు. క్లబ్బు రెండో డివిజన్‌కు ఎక్కిన ఏడాది జట్టు ఫొటో, పెద్దది, నలుపు తెలుపు. మా పాటల పుస్తకాల బల్ల సరిగ్గా దాని కిందే వేసేదాన్ని, కానీ ఏనాడూ తలెత్తి చూడలేదు. వెనక వరసలో మధ్యన నిలబడ్డ మనిషికి చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, భుజాలున్నాయి, మెడ ఉంది. ముఖం లేదు. ముఖం ఉండాల్సిన చోట గుండ్రంగా కోసేసి ఉంది. ఆ చిల్లులోంచి వెనకున్న అట్ట కనిపిస్తోంది.

"అది నేనే," అన్నాడు.

ఆయన కథ నేను ఒక్కసారిగా వినలేదు. మ్యాచ్ అయ్యాక ఆయన వెనక కుర్చీలో మా ఆరాధన అయ్యేదాకా కూర్చునేవాడు, తర్వాత ఇంటి దగ్గర దింపడం నాకు అలవాటైంది, ఆ కార్‌లో ముక్కలు ముక్కలుగా విన్నాను. ఆ ఊరికి నది అవతల ఒక బొగ్గు గని, దానికొక క్లబ్బు. ఆ రోజుల్లో అక్కడ క్లబ్బంటే రైల్వేదో గనిదో అయి ఉండేదట. ఆటగాళ్ళు పేరుకు కార్మికులు, పని మాత్రం ఆట. ఈయన రైల్వే వైపు గోల్‌కీపర్. పెళ్ళాంతో కలిసి అత్తవారింట్లో ఒక తడి గదిలో, మధ్యలో దుప్పటి కట్టుకుని కాపురం. మొదటి బిడ్డ మగపిల్లాడు. మొదటి చలికాలంలోనే ఊపిరి ఆడక పోయాడు. మళ్ళీ ఆవిడ నీళ్ళోసుకున్నప్పుడు గనివాళ్ళు కబురు పెట్టారు. మా క్లబ్బుకు వస్తే క్వార్టర్సు ఇస్తాం, రెండు గదులు, వంటిల్లు, కుళాయిలో వేడినీళ్ళు. ఈయన నది దాటాడు. కూతురు ఆ క్వార్టర్సులో పుట్టింది, బతికింది. ఆ ఏడాదే రెండు క్లబ్బుల మధ్య మ్యాచ్‌లో పాత క్లబ్బు కొట్టిన పెనాల్టీని ఈయన ఆపాడు. ఆ ఓటమితో పాత క్లబ్బు కింది లీగ్‌కు పడిపోయింది.

ఇంతే ఆయన చేసిన నేరం. ఆ తర్వాత అమెరికా వచ్చి, కార్ల రేకులు ఒత్తే ప్రెస్ షాపులో ముప్పై ఏళ్ళు పని చేసి, భార్యను ఇక్కడి మట్టిలోనే పూడ్చాడు. ఆ గని మూతపడింది. ఆ కమ్యూనిస్టు పోలండ్ కూడా ఇప్పుడు లేదు. అయినా ఈయన కోట్ల మధ్యన బెంచీ మీదే ఉన్నాడు.

నా బుర్ర తెలుగు బుర్ర కదా, అడిగేశాను. "గని వైపు వాళ్ళు వేరే కులమా? వేరే మతమా?"

ఆయన ఎంత నవ్వాడంటే దగ్గొచ్చింది. "ఒకటే చర్చి. ఒకటే మాంసం కొట్టు. నా బావమరిది అటువైపే ఉండేవాడు. మధ్యలో ఒక నది, అంతే."

కారణం ఏదో ఒకటి ఉంటే అసహ్యించుకోవడానికైనా వీలుగా ఉండేది. ఆ ప్రశ్న నా నోటికి ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ప్లేట్లో రెండో వడ్డన పడేలోపు ఎవరో ఒకరు అడుగుతారు, మీదే ఊరండీ అని. గుంటూరు దగ్గరండీ అంటే, దగ్గరంటే ఏ ఊరు అని. ఊరి పేరు చెబితే, ఊళ్ళో ఎటువైపు అని. ఎటువైపు అంటే ఊరా, పేటా అని. అడిగేవాళ్ళు డాక్టర్లు, సైంటిస్టులు, పెదవి మీది నవ్వు చెరగనివ్వరు. పేటే అండీ, చర్చి పక్కన, అని నేను కావాలనే గట్టిగా చెబుతాను. వాళ్ళు పెరుగు తెచ్చుకోవడానికని లేచి, ఇంకో బల్ల దగ్గర తేలతారు. అందుకే ఆ బెంచీ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆ అభిమానులకొక నాయకుడుండేవాడు. హాలున్న ఆ పేటలోనే సాసేజ్ కొట్టు యజమాని, యాభై దాటిన బొద్దు మనిషి, మా వాళ్ళతో మహా మర్యాదగా ఉండేవాడు. ఒకరోజు ఫొటో గురించి అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"నేనే కోశాను, బ్లేడుతో. గుండ్రంగా ఎంత బాగా వచ్చిందో చూశారా? కాయిన్ పెట్టి గీశాను," అన్నాడు.

పెనాల్టీ ఆపిన రోజు తను చిన్నపిల్లాడట, తండ్రి భుజాల మీద కూర్చుని చూశాడట. తండ్రి ఆ తర్వాత గ్రౌండ్ గడప తొక్కలేదట. చెబుతుంటే ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి.

"ఆయన బిడ్డ పోయాడు కదండీ, ఆ గదిలో," అన్నాను.

"మా అందరి గదులూ అంతే. మా ఇంట్లోనూ ఒక బిడ్డ పోయింది. మా నాన్న నది దాటాడా?"

అంత మర్యాదస్తుడి నోట ఆ మాట విన్నాక, ఆయన కొట్టు ముందు కారు ఆపాలన్నా నాకు మనసొప్పేది కాదు.

ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యలో ఆటో కంపెనీల్లో లేఆఫ్‌లు వచ్చాయి, మా చర్చిలో సగం మంది టెక్సస్‌కూ కాలిఫోర్నియాకూ మూవ్ అయ్యారు. సిగరెట్లు హాలు లోపల బంద్ అయ్యాయి, వాసన మాత్రం గోడల్ని వదల్లేదు. పెద్దాయన మోకాళ్ళు పాడయ్యాయి. అప్పుడు పోలండ్ నుంచి కబురొచ్చింది. డబ్బుల్లేక రెండు క్లబ్బులూ చితికిపోయి, ఒకటిగా కలిసిపోయాయి. ఒకే జట్టు, ఒకే గ్రౌండ్, రెండు క్లబ్బుల రంగులూ కుట్టిన చొక్కా. ఆ ఊరి పిల్లలు హాయిగా ఆడుకుంటున్నారట.

అక్కడ కలిసిపోతే ఇక్కడ విడిపోయారు. కలిసిన క్లబ్బు మా క్లబ్బు కాదని నాయకుడు ప్రకటించాడు. మేనల్లుడిని ఫోన్ చేయొద్దన్నారు. ఇంక వినడానికి మ్యాచ్ లేదు. అయినా ఆదివారం పొద్దున్నే మఫ్లర్లు వేసుకుని వచ్చి, మూగ స్పీకర్ చుట్టూ కూర్చుని, పాత మ్యాచ్‌లు చెప్పుకుంటూ బీరు తాగేవారు. పెద్దాయన కూడా మానలేదు. వసారాలో అదే బెంచీ మీద, ఏమీ వినిపించని తలుపు వైపు చెవి పెట్టి కూర్చునేవాడు. చూస్తే జాలేసేది. జాలి వెనకే చిరాకు వచ్చేది, ఈ ముసలాయనకు పౌరుషమన్నది లేదా అని.

ఒకసారి కార్‌లో అడిగాను, అసలు మీకేం కావాలి అని.

"నా ముఖం గోడ మీద పెట్టాలి. ఆ జట్టులో బతికున్నది నేనొక్కడినే. నేను పోయాక ఎవరు పెడతారు?" అన్నాడు. తన దగ్గర చిల్లు లేని ఫొటో ఒకటి ఉందని, బీరువాలో దుప్పట్ల కింద దాచానని చెప్పాడు.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను, ఈ సంగతి పెద్దమనుషుల్లో పెట్టి తేల్చేస్తానని.

"నీకెందుకే వాళ్ళ గోల? వీకెండ్ అన్నా కాస్త రెస్ట్ తీసుకో. ఆ టీమ్ ఏ లీగ్‌లో ఉందో గూగుల్‌కి కూడా తెలీదు," అన్నాడు.

"మన చర్చిలో వంటల గొడవ సెటిల్ చేసింది ఎవరు? నేను కాదూ?"

"అది వంటల గొడవ. ఇది వేరు."

ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక? పెద్దాయన దాచిన ఫొటోను స్కాన్ చేయించి పెద్దది తీయించాను. ఒక పళ్ళెం బిర్యానీ పట్టుకుని సాసేజ్ కొట్టు వెనక గదిలో నాయకుడి ముందు కూర్చున్నాను. అవతలి క్లబ్బే లేనప్పుడు ఇంక తగువెవరితో, ముసలి మనిషి, రేపో మాపో పోతాడు, అని మనవాళ్ళు రాజీ మాటలు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడాను. నేను అనుకున్నంత కష్టం కాలేదు. బిర్యానీ తింటూనే ఒప్పుకున్నాడు. ఒకే ఒక్క షరతు. క్లబ్బు పుట్టినరోజు విందులో, అందరి ముందు, మైకులో, పోలిష్‌లో, చేసింది తప్పని ఆయన చెప్పాలి.

"సారీ చెబితే చాలు కదా?" అన్నాను.

"చాలు," అన్నాడు.

ఆ మాట మోసుకెళ్ళి చెబితే పెద్దాయన నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని వదల్లేదు. మర్నాడే గ్రాండ్ ర్యాపిడ్స్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి రమ్మన్నాడట.

విందు ఒక శనివారం మధ్యాహ్నం. బయట మంచు, లోపల ఉక్క. ఆ అభిమానులంతా భార్యలతో వచ్చారు. నన్ను వెనక బల్ల దగ్గర కూర్చోబెట్టారు, పక్కన ఆ కూతురు. ఆస్పత్రిలో నర్సు, నా కంటే కాస్త పెద్దది, తండ్రి చేతులే వచ్చాయి. క్లబ్బు గురించి తనకేమీ పట్టదని, నాన్న సరదా పడుతున్నాడని వచ్చానని చెప్పింది.

"ఆ ఇల్లు నాకు గుర్తుంది. కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చేవి. మొదటి రోజు అమ్మ ఆ నీళ్ళ కింద చేతులు పెట్టుకుని, తీయకుండా ఏడ్చిందట. చనిపోయే ముందు కూడా ఆ మాటే చెప్పింది," అంది.

నాయకుడు పెద్దాయన్ని పేరు పెట్టి పిలిచాడు. ఈయన ఇస్త్రీ చొక్కా, టై, నున్నగా దువ్విన జుట్టుతో కుర్చీలు పట్టుకుంటూ నడిచి ముందుకు వెళ్ళాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. ఆయన మిషన్ బడిలో పంతులు. తన చిన్నతనంలో కుల పంచాయితీల్లో తప్పు కట్టించుకునేవాళ్ళని, వెలేసిన మనిషిని అందరి మధ్యన నిలబెట్టి, తల వంచి చెంపలేసుకున్నాకే పంక్తిలో విస్తరి వేసేవాళ్ళని చెబుతూ, చెప్పిన ప్రతిసారీ పక్కకు తిరిగి ఉమ్మేవాడు. ఇక్కడ జరుగుతున్నది అదే, దానికి పళ్ళెం బిర్యానీ పెట్టి మరీ ముహూర్తం కుదిర్చింది నేనే.

పెద్దాయన మైకు పట్టుకుని ఒక్క వాక్యం చెప్పాడు. కూతురు నా చెవిలో చెప్పింది, "నేను చేసింది తప్పు, క్షమించండి, అంటున్నాడు."

అందరూ చప్పట్లకు చేతులెత్తారు. నాయకుడు మఫ్లర్ పట్టుకుని ముందుకొచ్చాడు. అడిగినదంతా అయిపోయింది, అక్కడితో ఆగిపోవచ్చు. పెద్దాయన ఆగలేదు. చెయ్యి అడ్డం పెట్టి నాయకుణ్ణి ఆపి, మళ్ళీ మొదలెట్టాడు. గొంతు పెరిగింది. ఏళ్ళ తరబడి ఎవరూ వినని మనిషి, ఇప్పుడు హాలంతా తన వైపే చూస్తోంది.

"వేడినీళ్ళకు అమ్ముడుపోయాను, అంటున్నాడు," అంది కూతురు. కాసేపు విని, "ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా సుఖంగా నిద్రపోలేదట." తర్వాతి వాక్యం చెప్పడానికి ఆలస్యం చేసింది. "మళ్ళీ ఆ రోజు వస్తే ఆ తడి గదిలోనే ఉండిపోతాను, ఏం జరిగితే అది జరిగింది, అంటున్నాడు."

ఆడవాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఏం జరిగితే అది, అంటే నేను," అంది కూతురు నాతో, మామూలు గొంతుతో, ఆస్పత్రిలో రిపోర్టు చదివినట్టు. కుర్చీకి తగిలించిన కోటు తీసుకుని, వసారాలోంచి బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె కారు మీది మంచు చేత్తోనే తుడుచుకుంది, నేను బ్రష్ ఇస్తానన్నా వినిపించుకోలేదు. కారు స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి గోడ మీద కొత్త ఫొటో ఎక్కించేశారు. ఇరవయ్యేళ్ళ గోల్‌కీపర్, చెవులు పెద్దవి, నవ్వు ఆపుకుంటున్నాడు. దాని కింద ముసలి గోల్‌కీపర్, మెడలో మఫ్లర్, చేతిలో బీరు, ఒకవైపు నాయకుడు భుజం మీద చెయ్యేశాడు. నన్ను కూడా పక్కన నిలబడి ఫొటో దిగమన్నారు. తలనొప్పిగా ఉందన్నాను. ఆ ముసలాయన మీద పడి ఆ మఫ్లర్ లాగేయాలనిపించింది. అంత రోత నాకు ఊరా పేటా అని అడిగినవాళ్ళ మీద కూడా పుట్టలేదు.

కార్‌లో ఆయన కబుర్లు ఆగలేదు. వచ్చే ఆదివారం తనకు ముందు వరసలో కుర్చీ వేస్తారట. పెనాల్టీ గురించి ఇంక ఎవరూ ఎత్తరట. తను పోతే పెట్టె మీద కప్పడానికి క్లబ్బు జెండా ఇస్తామని నాయకుడు మాటిచ్చాడట. మఫ్లర్ కొసల్ని మాటిమాటికీ సర్దుకుంటున్నాడు. ఫ్రీవే దిగి ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఓర్చుకుని, అప్పుడు అన్నాను.

"మీ అమ్మాయి వెళ్ళిపోయింది. చూశారా?"

"చూశాను."

"మీరన్నదంతా విన్నది. ఇంటికెళ్ళి ఫోన్ చేయండి. నోరు జారానని చెప్పండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. బాధపడుతున్నాడేమో అనుకున్నాను. బాధ కాదు, ఓపిగ్గా నాకెలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

"దానికి ఇవన్నీ అర్థం కావమ్మా," అన్నాడు. "అది అటువైపు పుట్టిన పిల్ల."

ఇంటి ముందు కారు ఆపాను. మోకాళ్ళ వల్ల ఆయన దిగలేడని, ఎప్పుడూ నేనే చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తీసి చెయ్యి అందించేదాన్ని. అలవాటుగా ఆయన నా కోసం చూస్తూ కూర్చున్నాడు. నేను స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు.